బుడ్డోడికి కలిపిన బలం మందు

పల్నాడులో కుక్కలు ముసలివి కావడం నా కళ్ల ముందే మొదలైంది. నేను పశువైద్యురాలిగా చేరిన కొత్తలో ఇక్కడ మూతి నెరిసిన కుక్క కనిపించడమే అరుదు. లారీ కింద పడో, పొలంలో ఎలుకలకు పెట్టిన మందు తినో, పిచ్చి కుక్క కరిచో నడివయసులోనే పోయేవి. ఇప్పుడు మాచర్ల నుంచి నరసరావుపేట దాకా ఏ వీధిలో చూసినా అరుగు మీద ముసలి కుక్క ఒకటి పడుకుని ఉంటుంది. టీకాలు వేయిస్తున్నారు, వేళకు తిండి పెడుతున్నారు, వానొస్తే లోపలికి రానిస్తున్నారు. ముసలితనం వచ్చింది కాబట్టి దాని వెనకాలే ముసలితనానికి మందులూ వచ్చాయి.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు నాకు ఇప్పటికీ ఫోన్లు చేస్తుంటారు. రిటైరైనా నన్ను మర్చిపోనందుకు సంతోషమే. ఈ మధ్య అందరూ అడుగుతున్న ప్రశ్న ఒకటే. "మేడం, ముసలి కుక్కకు యాంటీ ఆక్సిడెంట్లు రాయమని అడుగుతున్నారు. రాయమంటారా?" రాయి అనో వద్దు అనో చెప్పడానికి నిమిషం పట్టదు. కానీ ఆ నిమిషంలో చెప్పే జవాబు ఎందుకూ పనికిరాదని నాకు సాంబిరెడ్డి కుక్క నేర్పింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. బదిలీలు, ప్రమోషన్లు, ఆఫీసు గొడవలు ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పడం మొదలుపెడితే నాకు బీపీ పెరగడం తప్ప మీకు ఒరిగేదేమీ లేదు.

ముందు నోరు తెరిపించు

నేను నడికుడి రైల్వే క్వార్టర్సులో పెరిగినదాన్ని. మా నాన్న రైల్వేలో పాయింట్స్‌మన్. కూతురు డాక్టరని ఊరంతా గొప్పగా చెప్పుకునేవాడు. ఏ డాక్టరని అడిగితే మాత్రం కాస్త ఆగి చెప్పేవాడు.

మొదటి పోస్టింగు మాచర్ల దగ్గర. ఉద్యోగమంటే ముప్పాతిక మువ్వీసం గేదెలే. పొద్దున చెయ్యి భుజం దాకా గేదె లోపల ఉండేది, మధ్యాహ్నం గొర్రెల మందలకు టీకాలు. చీర మార్చుకున్నా ఆ వాసన పోయేది కాదు. సాయంత్రం బస్సులో ఎంత రద్దీ ఉన్నా నా పక్క సీటులో ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. దాంతో నాకు హాయిగానే ఉండేది.

కుక్కను తెచ్చినవాళ్లు గేదెల వాళ్లందరూ వెళ్లేదాకా గోడ పక్కన నిలబడేవాళ్లు. కుక్క కోసం డాక్టరు దగ్గరికి వచ్చామని చెప్పుకోవడానికి అప్పట్లో సిగ్గు. అలా ఒకాయన వచ్చి కుక్క అన్నం తినడం లేదన్నాడు. నేను బల్లకు ఇవతల కూర్చునే ఆకలికి మందు రాయబోయాను. మా ఏడీ గారు, అంటే అసిస్టెంట్ డైరెక్టరు, నా చేతిలోంచి పెన్ను లాక్కున్నారు. మహా కోపిష్టి మనిషి. ముందు నోరు తెరిపించు అని కసిరారు. తెరిపిస్తే అంగిట్లో బొమిక ముక్క అడ్డంగా ఇరుక్కుని ఉంది. ఆ బొమిక నాకు నేర్పినంత ఏ ప్రొఫెసరూ నేర్పలేదు.

తర్వాత వచ్చిన పై అధికారి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. మంచి మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. కానీ వచ్చిన ప్రతి జీవానికీ ఒక టానిక్కు రాయించేవాడు. జబ్బేమీ లేకపోయినా సరే. ఉత్త చేతులతో పంపితే వాళ్లకు తృప్తి ఉండదమ్మా, బలానికి ఏదో ఒకటి రాసెయ్యి అనేవాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. చేతిలో సీసా లేకుండా ఇంటికి పోతే వైద్యం జరిగిందని ఎవరూ అనుకోరు. కానీ ఈ అలవాటు వల్ల బలం అనే మాటను మన శాఖవాళ్లమే చవక చేశామని నా అభిప్రాయం. ఎవరికైనా కోపమొస్తే రానివ్వండి.

బుడ్డోడు

నా ఉద్యోగం చివరి ఏళ్లు కారంపూడిలో గడిచాయి. సాంబిరెడ్డి ఆ పక్క ఊరి మిరప రైతు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆయన గేదెలకు నేనే వైద్యం చేసేదాన్ని కాబట్టి ఆయన నాకు అన్న, ఆయన భార్య ఆదెమ్మ వదిన. వాళ్ల కుక్క పేరు బుడ్డోడు. ఆ ఈతలో అన్నిటికంటే చిన్న పిల్ల కాబట్టి ఆ పేరు పెట్టారట. పెరిగి దూడంత అయినా పేరు మారలేదు. గోధుమ రంగు నాటు కుక్క, ఒక చెవి నిలబడి ఉండేది, ఒకటి వాలి ఉండేది. ఆదెమ్మ వదిన దాన్ని 'అది' అనేది, సాంబిరెడ్డి 'వాడు' అనేవాడు. నేను సాంబిరెడ్డి పక్షం.

ఒకరోజు సాంబిరెడ్డి వాణ్ణి బండి మీద, ముందు పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని, పడిపోకుండా తువ్వాలు నడుముకు కట్టి తీసుకొచ్చాడు. వాడు పెళ్లికి పోతున్న పెద్దాయనలా అటూ ఇటూ చూస్తూ దిగాడు. వాడికి బలం తగ్గిందని, మంచి మందు ఏదన్నా రాయమని సాంబిరెడ్డి అడిగాడు.

నోరు తెరిపించాను. వెనక దంతం ఒకటి పుచ్చి చీము పట్టింది. తుంటి కీళ్లు నొక్కితే మూలిగాడు. కళ్లలో వయసుతో వచ్చే నీలిరంగు మసక ఉంది. ఇంట్లో ఎలా ఉంటున్నాడని అడిగితే, పగలంతా నిద్రపోయి రాత్రి తిరుగుతున్నాడని, ఒక్కోసారి గోడ మూలకు మొహం పెట్టి అలాగే నిలబడిపోతున్నాడని చెప్పాడు. మనుషుల్లాగే కుక్కలకూ ముసలితనంలో మతిమరుపు వస్తుంది. కొత్త డాక్టర్లు దీన్ని పట్టుకోలేరు, ఎందుకంటే ఇంటివాళ్లు దాన్ని జబ్బుగా చెప్పరు. వయసైపోయిందని వదిలేస్తారు.

చీటీ రాసి ఇచ్చినా సాంబిరెడ్డి లేవలేదు. ఇంకేమన్నా ఉందా అన్నా అని అడిగాను. తువ్వాలు వేళ్లకు చుట్టుకుంటూ చెప్పాడు.

"మొన్న చేలోంచి ఇంటికి పోతే నన్ను జూసి మొరిగాడమ్మా. ఎవుడో దొంగని జూసి మొరిగినట్టు. ఒరేయ్ నేనేరా అంటున్నా ఇనలా."

ఆయన వచ్చింది దంతం కోసం కాదు, కీళ్ల కోసం కాదు. దీనికోసం వచ్చాడు. దాని వెనక ఏముందో ఆ తర్వాత ఆదెమ్మ వదిన చెప్పింది. నల్ల తామర పురుగు వచ్చి మిరప తోటలన్నీ తుడిచిపెట్టుకుపోయిన ఏడు, సాంబిరెడ్డి ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. తిండి తిని చేలోకి పోయేవాడు, పోయి గట్టు మీద కూర్చునేవాడు. పక్కన బుడ్డోడు. "ఆ ఏడంతా ఆయన మాట్టాడింది దాంతోనే. నాకు ఏడుపొచ్చేది. ఎవురో ఒకళ్లతో మాట్టాడుతున్నాడు గదా, అంతే చాల్లే అని ఊరుకునేదాన్ని" అంది వదిన. ఆ మాట విన్నాక నాకు బుడ్డోడి మీద మామూలు కంటే ఎక్కువ గౌరవం కలిగింది.

యాంటీ ఆక్సిడెంట్ల గురించి ఆ రోజే ఆయనకు చెప్పాను. ఇనప బకెట్టు వాడుతుంటే తుప్పు పట్టినట్టు, ఒంట్లోనూ పీల్చిన గాలి వల్లే ఏళ్ల తరబడి కొంత నష్టం జరుగుతుంది, మెదడుకు అది ఎక్కువ. విటమిన్ ఇ లాంటివి కలిసిన ఈ బిళ్ల ఆ తుప్పును వదిలించదు, పట్టడం కాస్త నెమ్మది చేస్తుందేమో. అదీ అన్ని కుక్కలకూ కాదు. ముందు దంతం తీయాలి, నొప్పి తగ్గించాలి. రోజూ ఒక కొత్త దారిలో నడిపించి వాసనలు చూడనివ్వాలి. ఇంట్లో మంచాలు, గిన్నెలు చోటు మార్చకూడదు. అన్నీ శ్రద్ధగా విన్నాడు. చివరికి బిళ్లల డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "ఒకటేనా?" అన్నాడు. ఒకటే అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. నేను లోపల నవ్వుకున్నాను.

వెల్లుల్లి వాసన

దంతం తీశాక బుడ్డోడు కోలుకున్నాడు. అన్నం తింటున్నాడు, పొద్దున్నే ఊరి చివరిదాకా నడుస్తున్నాడు అని కబురు వచ్చేది. కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున మొగుడూ పెళ్లాం ఇద్దరూ వాణ్ణి ఆటోలో వేసుకొచ్చారు. వాంతులు, వెనక కాళ్లు తూలిపోతున్నాయి, వీపు మీద చెయ్యి వేస్తే వెంట్రుకలు గుప్పెడు ఊడి వస్తున్నాయి. తల ఎత్తడం లేదు.

నోరు తెరిపించడానికి వంగాను. గుప్పుమని వెల్లుల్లి వాసన. కుక్కలకు వెల్లుల్లి మంచిది కాదు. పెట్టారా అని అడిగాను. కుక్కకు ఎల్లిపాయలు పెట్టేదెవరమ్మా అని వదిన ఆశ్చర్యపోయింది. ఇంకేం మందులు ఇచ్చారని అడిగితే సాంబిరెడ్డి బుడ్డోడి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. "నువ్వు రాసిందే ఏశా. ఇంకో మందు ముట్టలా."

ఆ మనిషి అబద్ధం ఆడడు. వాడి తల మీద చెయ్యి పెట్టి అసలే ఆడడు. అయినా వెల్లుల్లి తినని నోట్లో వెల్లుల్లి వాసన వస్తోంది. అలా రావడానికి నాకు తెలిసిన కారణం ఒకటుంది. సెలీనియం అనే ఖనిజం ఒంట్లో ఎక్కువైతే ఊపిరిలో ఆ వాసన వస్తుంది. చదువుకునేటప్పుడు పరీక్ష కోసం బట్టీపట్టిన సంగతి, ఉద్యోగమంతా ఎన్నడూ ఎదురుపడలేదు. నేను రాసిన బిళ్లలో సెలీనియం ఉంది గానీ నలుసంతే. డబ్బా మొత్తం తిన్నాడా అంటే డబ్బాలో ఉండాల్సిన బిళ్లలు ఉన్నాయట.

వాడికి సెలైన్ పెట్టి, వదినను పక్కన కూర్చోబెట్టి, అదే ఆటోలో సాంబిరెడ్డితో వాళ్లింటికి బయల్దేరాను. దారిలో మళ్లీ మందుల మాట ఎత్తలేదు. ఎత్తినా అదే జవాబు వస్తుందని అర్థమైంది. ఇంటికి పోయాక మాత్రం, "అన్నా, వాడికి అన్నం ఎట్ట కలుపుతావో ఒకసారి నా ముందు కలుపు" అన్నాను.

ఆయనకు అది గర్వకారణంగా అనిపించింది. పశువుల కొట్టంలోంచి ఒక బేసిన్, ఒక కర్ర తెచ్చాడు. అటక మీద నుంచి, గూట్లోంచి ఒక్కొక్కటే దించి వరసగా పెట్టాడు. ఒక తెల్ల డబ్బాలోంచి పొడి తీసి బేసిన్లో వేసి, చెంబుతో కాసిని నీళ్లు పోసి కర్రతో తిప్పాడు. ముందు పొడి బాగా కరగాలట, తర్వాతే నీళ్ల మందు కలపాలట, లేకపోతే విరిగిపోద్దట. పొడి కరిగాక గేదెలకు పోసే లివర్ టానిక్కు పోశాడు. ఆ తర్వాత చేప నూనె. ఆ తర్వాత వదిన తన కోసం కొనుక్కున్న విటమిన్ ఇ గొట్టం మాత్రలు సూదితో పొడిచి పిండాడు. అన్నిటికంటే ఆఖరున, అన్నిటికంటే జాగ్రత్తగా, నేను రాసిన బిళ్లను నలిపి వేశాడు. కర్రను అంచుకు తట్టి పక్కన పెట్టి, దాని మీద అన్నం వేశాడు.

మిరప చేను గట్టున డ్రమ్ము దగ్గర ఎలా కలుపుతారో అచ్చం అలాగే కలిపాడు. ఇక్కడ ఎవరూ చేనుకు ఒకే మందు కొట్టరు. ఒకటి పురుగుకు, ఒకటి తెగులుకు, ఒకటి పూతకు, అన్నీ ఒకే డ్రమ్ములో కలిపి కొడతారు. ఒక్కటే కొట్టినవాణ్ణి చూసి జాలిపడతారు. నేను ఒకటే బిళ్ల రాసినప్పుడు ఆయన మొహం ఎందుకు వాడిందో అప్పుడు తెలిసింది.

తెల్ల డబ్బా తీసి చూశాను. ఎదకు రాని గేదెలకు ఇచ్చే పొడి అది. విటమిన్ ఇ, సెలీనియం. గేదె కొలత ప్రకారం ఇవ్వాల్సింది. ఇది వీడికెందుకు వేశావన్నా అని అడిగాను. నేను చిన్నపిల్లనైనట్టు ఓపికగా వివరించాడు.

"నీ బిళ్ల డబ్బా మీద ఏం రాసుందో దీని మీదా అదే ఉంది గదమ్మా. టెక్నికల్ ఒకటే, కంపెనీ వేరు."

ఈ మాట తెలియని మిరప రైతు పల్నాడులో లేడు. పురుగు మందు డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే పేరును వాళ్లు నమ్మరు. కింద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూసి కొంటారు. దాన్నే టెక్నికల్ అంటారు. చదువు పెద్దగా లేకపోయినా నోరు తిరగని ఆ ఇంగ్లీషు పేర్లు గడగడా చెబుతారు. దుకాణంలో మోసపోకుండా ఇన్నాళ్లూ ఆయన్ను కాపాడిన తెలివే అది. దాంతోనే కుక్క దగ్గర దెబ్బతిన్నాడు.

మరి ఏం మందులు ఇచ్చావని అడిగితే ఇవన్నీ చెప్పలేదేమని అడిగాను.

"నువ్వు మందులడిగావు. ఇయ్యి మందులు కాదు గదా. బలానికేసినయ్యి."

ఒట్టు వేసినప్పుడు ఆయన నిజమే చెప్పాడు. చేనులో పురుగుకు కొట్టేది మందు, మొక్క ఏపుగా ఎదగడానికి కొట్టేది బలం. మందుకు కొలత ఉంటుంది, ఎక్కువైతే మొక్క మాడిపోతుందన్న భయం ఉంటుంది. బలానికి ఆ భయం లేదు. ఎంత వేస్తే అంత మంచిదే. చేనులో ఉన్న ఈ లెక్కే గొడ్డుకూ, కుక్కకూ, మనిషికీ వర్తిస్తుందని వాళ్ల నమ్మకం.

నాకు ఒళ్లు మండింది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముందు మాత్రం తిట్టాను. గేదె బరువెంత, వీడి బరువెంత, పొలానికి కొట్టినట్టు కుక్కకు కొడతావా అని దులిపేశాను. ఆయన మంచం మీద కూలబడి బేసిన్ వంక చూస్తూ ఉండిపోయాడు. "అయితే వాడికి ఇసం బెట్టింది నేనేనా?" అన్నాడు. ఆ గొంతు విన్నాక నా కోపం దిగిపోయింది. ఆపేస్తే బతుకుతాడనే అనుకుంటున్నాను, రేపటికి తెలుస్తుంది అన్నాను. బతుకుతాడని గట్టిగా చెప్పొచ్చు కదా అని నా మనసు పీకింది. కానీ తెలియని సంగతి తెలిసినట్టు చెప్పడం నాకు చేతకాదు.

బుడ్డోడు బతికాడు. ఆస్పత్రి వరండాలో సెలైన్ ఎక్కుతున్నన్నాళ్లూ సాంబిరెడ్డి పక్కనే గోతాం వేసుకుని కూర్చున్నాడు. అటుగా వచ్చిన గేదెల వాళ్లు కుక్క కోసం ఇంత కాపలానా అని ఎగతాళి చేస్తే వినపడనట్టు ఊరుకున్నాడు. వాడి వీపు మీద వెంట్రుకలు మళ్లీ రావడానికి చాలాకాలం పట్టింది. వచ్చినవి కాస్త తెల్లగా వచ్చాయి.

ఆయన అడిగింది ఇంకా మిగిలే ఉంది

ప్రాణం నిలబడింది గానీ మొరగడం ఆగలేదు. ఇప్పుడు బిళ్ల ఒకటే ఇస్తున్నాడు, నడిపిస్తున్నాడు, మంచం చోటు మార్చడం లేదు. మూలకు మొహం పెట్టి నిలబడటం తగ్గింది. అయినా ఒక్కోరోజు ఇంటికొచ్చిన యజమానిని చూసి పళ్లు బయటపెడుతున్నాడు. ఏయే రోజుల్లో అని తరచి తరచి అడిగాను. చివరికి తేలిందేమిటంటే, చేనుకు మందు కొట్టిన రోజుల్లోనే.

మసక కళ్లకు సందెవేళ మనిషి నీడలా కనపడతాడు. చెవులు మందగించాయి. వాడికి మిగిలింది ముక్కు ఒక్కటే. ఆ ముక్కుకు తన మనిషి బదులు పురుగు మందు వాసన తగులుతోంది. అలాంటప్పుడు వాడు మొరగక ఏం చేస్తాడు? మందు కొట్టిన రోజు మోటారు దగ్గరే సబ్బుతో స్నానం చేసి బట్టలు మార్చుకుని ఇంటికి రమ్మన్నాను. వీధి మొదట్లోనే పిలుస్తూ రమ్మన్నాను. దగ్గరికొచ్చాక మీద చెయ్యి వేయకుండా అరచెయ్యి చాపి, వాడు వాసన చూసేదాకా ఆగమన్నాను.

ఆ రోజు నుంచి మోటారు షెడ్డులో సబ్బు పెట్టె, ఉతికిన లుంగీ ఉండేవి. ఆదెమ్మ వదిన నన్ను ఆస్పత్రికొచ్చి మరీ నిలదీసింది. పెళ్లైనప్పటి నుంచి తను మొత్తుకున్నా చెయ్యని స్నానం ఇప్పుడు కుక్క కోసం చేస్తున్నాడట. అది నా తప్పన్నట్టే మాట్లాడింది. బుడ్డోడు మళ్లీ యజమానికి ఎదురెళ్లడం మొదలుపెట్టాడు. వేగంగా కాదు, నాలుగడుగులు వేసి ఆగి, ముక్కు పైకెత్తి, మళ్లీ నాలుగడుగులు.

అందుకే ఫోన్లో అడిగే పిల్లలకు నేను ఒక్క ముక్కలో జవాబు చెప్పను. యాంటీ ఆక్సిడెంట్లు రాయండి, తప్పులేదు. మంచి తిండి, నడక, రోజూ ఏదో ఒక కొత్త పని తోడైతే కొన్ని కుక్కల మతిమరుపు కాస్త నెమ్మదించడం నేను చూశాను. ఒట్టి బిళ్లతో కుర్రతనం తిరిగొచ్చిన కుక్కను మాత్రం ఒక్కదాన్నీ చూడలేదు. ఏ కంపెనీవాడు బొమ్మలు చూపించి చెప్పినా నమ్మకండి. పుచ్చిన దంతాన్ని అలాగే వదిలి విటమిన్లు రాసేవాణ్ణి నేను డాక్టరనను. విటమిన్ సి కుక్క ఒంట్లో దానంతట అదే తయారవుతుంది. విటమిన్ ఇ ఎక్కువైతే బయటికి పోదు, కొవ్వులో పేరుకుంటుంది. గురజాలలో ఒక టీచరమ్మ నల్ల ద్రాక్షలో యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయని ఫోన్లో చూసి తన ముసలి కుక్కకు రోజూ గుప్పెడు పెట్టింది. ద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ప్రాణంలా చూసుకునేవాళ్లే ఎక్కువ పెడతారు. పట్టించుకోనివాళ్ల కుక్కలకు ఈ జబ్బులు రావు.

ఇంకో సంగతి. ఏం మందులు ఇచ్చారని అడగకండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి దాని నోట్లోకి ఏమేం పోయాయో చెప్పమనండి. కుదిరితే కలిపి చూపించమనండి.

మిరప పూత మీద ఉన్న రోజుల్లో

నేను రిటైరయ్యే ఏడు, ఒక పొద్దున ఆదెమ్మ వదిన ఫోన్ చేసింది. బుడ్డోడు లేవడం లేదంది. వెళ్లేసరికి వరండాలో గోతాం మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. చిగుళ్లు పాలిపోయాయి, కాళ్లు చల్లబడ్డాయి, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. జబ్బేమీ కాదు, గుండె అలిసిపోయింది. చెయ్యాల్సిందేమీ లేదు వదినా, అన్నను పిలువు అన్నాను.

ఆయన చేలో మందు కొడుతున్నాడు. ఫోన్ వినగానే ట్యాంకు భుజం మీద నుంచి దించేసి ఉన్నపళంగా బండెక్కి వచ్చాడు. చొక్కా మందుతో తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. వరండా అంతా ఆ ఘాటు నిండిపోయింది. చెప్పులతోనే వచ్చి వాడి పక్కన గొంతుక్కూర్చుని చెయ్యి చాపాడు.

పొద్దుటి నుంచి తల ఎత్తనివాడు తల ఎత్తాడు. గుర్రుమన్నాడు. గొంతులో బలం లేదు గానీ అది గుర్రుమనడమే.

సాంబిరెడ్డి చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. నన్ను చూశాడు. ఇంకా ఎంతసేపు ఉందని అడుగుతున్నాడని తెలుసు. చెప్పలేనన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆయన లేచి పెరట్లో తొట్టి దగ్గరికి పోయాడు.

"ఇప్పుడు స్నానమేందయ్యా, అది పోతావుంటే" అని వదిన ఏడుస్తూ కేక వేసింది. చెంబుతో నీళ్లు గుమ్మరించుకుంటున్న చప్పుడు, సబ్బు రుద్దుకుంటున్న చప్పుడు వినపడుతున్నాయి. బుడ్డోడి తొడ లోపలి నాడి మీద నా వేలుంది. అది కొట్టుకుంటూ ఆగుతోంది, ఆగి మళ్లీ కొట్టుకుంటోంది. ఇంత చదువుకుని ఇన్నేళ్లు చేసి, ఆ నాలుగు చెంబుల నీళ్లు పూర్తయ్యేదాకా వాణ్ణి ఆపే మందు నా సంచిలో లేదు. వాడి చెవి దగ్గర వంగి ఆగరా, వస్తున్నాడు, ఆగరా అంటున్నాను. నాకూ కళ్లు కనపడటం లేదు.

ఆయన ఒళ్లంతా నీళ్లు కారుతూ లుంగీతో వచ్చాడు. పరిగెత్తుకొచ్చి మీద పడలేదు. స్తంభం దగ్గరే ఆగి పిలిచాడు. "ఒరే బుడ్డోడా." మెల్లగా వచ్చి కూర్చున్నాడు. అరచెయ్యి నేల మీద పెట్టాడు. పెట్టి ఊరుకున్నాడు. అంత తొందరలో, అంత దుఃఖంలో ఆ మనిషి అలా చెయ్యి కదపకుండా ఉండటం ఎలా సాధ్యమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

బుడ్డోడి ముక్కు కదిలింది. మూతిని గోతాం మీద ఈడ్చుకుంటూ తెచ్చి ఆ అరచేతిలో పెట్టాడు. తీరిగ్గా, ఎప్పట్లాగే, వేళ్ల సందులన్నీ వాసన చూశాడు. తోక చివర గోతాం మీద ఒకసారి కొట్టుకుంది. తర్వాత తల బరువంతా ఆ చేతిలో వదిలేశాడు. కాసేపటికి నా వేలి కింద నాడి ఆగిపోయింది.

సాంబిరెడ్డి చెయ్యి తియ్యలేదు. ఒంటి మీద నీళ్లు ఆరిపోయేదాకా అలాగే కూర్చుని, ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"నేనేనని తెలిసిందంటావా డాక్టరమ్మా?"

"తెలిసిందన్నా" అన్నాను. ఓదార్చడానికి అన్నది కాదు. చూశాను కాబట్టి చెప్పాను.